ముక్కాలిపీటకు రెండు కాళ్లు: కాన్సాస్ నుంచి రాజేంద్రనగరం దాకా

వ్యవసాయం, ఉద్యోగం. సంస్కృతంలో ఈ రెండు మాటలూ ప్రయత్నార్థకాలే. వ్యవసాయమంటే గట్టి నిశ్చయం, పట్టుదలతో కూడిన పూనిక. ఉద్యోగమంటే ప్రయత్నం, సన్నాహం. భారతంలో ఉద్యోగపర్వమంటే పాండవులకు కొలువులు దొరికిన పర్వం కాదు. కొలువులు దొరికింది అంతకు ముందరి విరాటపర్వంలో! ఇంచుమించు ఒకే అర్థంతో బయలుదేరిన ఈ రెండు మాటలు తెలుగునేలకు వచ్చేసరికి దారులు చీలిపోయాయి. ఒకటి పొలానికి పోయి సేద్యమైంది, మరొకటి కచేరీకి పోయి జీతమైంది. ఆ తరువాత వీటి మధ్య రాకపోకలు అంతగా సాగలేదు. వ్యవసాయం చదివినవాడికి ఉద్యోగం ఎక్కడ అన్న ప్రశ్న మన రాష్ట్రంలో అరవై ఏళ్లుగా నలుగుతున్నది. ఆ ప్రశ్నకు సమాధానంగా సముద్రాల అవతలి నుంచి తెచ్చుకున్న ఒక ఏర్పాటు చరిత్రే ఈ టపా.

విశ్వవిద్యాలయాలను ఆధునికం చేయాలి, పట్టభద్రులను పనికొచ్చేవారిగా తీర్చాలి అనే అంతర్జాతీయ పథకాలు ఈనాడు కోకొల్లలు. ఐరోపా సంఘం డబ్బుతో కొన్ని, ప్రపంచబ్యాంకు అప్పుతో కొన్ని, జపాను సాయంతో కొన్ని. వీటి పత్రాలన్నిటా 'ఎంప్లాయబిలిటీ' అన్న మాట తప్పనిసరి. అమెరికా చేయూతతో కాన్పూరు ఐఐటీ, జర్మనీ చేయూతతో మద్రాసు ఐఐటీ ఎలా ఎదిగాయో పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. మన ఇంటి గడపలోనే జరిగిన కథను మాత్రం ఎవరూ అంతగా తలచుకోరు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు విశ్వవిద్యాలయం ఒకటి మన హైదరాబాదుకు వచ్చి, రాజేంద్రనగరంలో ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలయడానికి చేయందించిన కథ అది.

మొదట ఆ కాన్సాస్ సంగతి. 1862లో, అంతర్యుద్ధం నడుస్తుండగానే, లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. మారిల్ చట్టమంటారు. దాని ప్రకారం ప్రతి రాష్ట్రానికీ, కాంగ్రెసులో దానికున్న ఒక్కొక్క సభ్యుడికి 30,000 ఎకరాల చొప్పున ప్రభుత్వ భూమి ఇస్తారు. రాష్ట్రం ఆ భూమిని అమ్మి, వచ్చిన మూలధనంతో వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కళాశాలను నడపాలి. వీటిని 'ల్యాండ్ గ్రాంట్' కళాశాలలన్నారు. దీన్ని తెలుగులో 'భూదాన కళాశాల' అందామంటే మనకు పోచంపల్లీ వినోబా గుర్తుకొస్తారు, కనుక 'విద్యామాన్యం' అనడం మేలని నా అభిప్రాయం. మన రాజులు ఘటికాస్థానాలకు మాన్యాలు ఇచ్చినట్లే గదా ఇదీను. ఒక భేదమున్నది. ఆ భూమి అంతకు ముందు అక్కడి ఆదివాసులది. వారి చేతినుంచి జారిన, జార్చిన నేల అది. మాన్యాల చరిత్రలో ఈ చీకటి కోణం మనకూ కొత్తది కాదు.

ఆ చట్టం కింద సరికొత్తగా పుట్టిన మొదటి కళాశాల కాన్సాస్‌లోని మాన్‌హాటన్‌లో 1863లో వెలిసింది. మాన్‌హాటన్ అనగానే న్యూయార్క్ ఆకాశహర్మ్యాలు ఊహించుకోకండి, ఇది గోధుమ పొలాల నడుమ ఉన్న చిన్న పట్టణం. అక్కడి పేరుమోసిన 'టర్కీ రెడ్' గోధుమ కూడా అక్కడిది కాదు. 1870లలో రష్యా నుంచి వలస వచ్చిన మెన్నొనైటు రైతులు విత్తనపు మూటలతో తెచ్చుకున్నది. అరువు తెచ్చుకోవడం అందరికీ ఉన్నదే.

ఆ కళాశాలలు పాతికేళ్లు కేవలం పాఠాలే చెప్పాయి. చెప్పడానికి తగిన శాస్త్రం చాలదని తేలాక, 1887లో హాచ్ చట్టం వచ్చి ప్రతి కళాశాలకూ ఒక ప్రయోగక్షేత్రాన్ని జతచేసింది. శాస్త్రం పుట్టింది గాని రైతు గడప దాకా పోలేదు. అప్పుడు 1914లో స్మిత్ - లీవర్ చట్టం వచ్చింది. కేంద్రం, రాష్ట్రం, జిల్లా వంటి కౌంటీ, ముగ్గురూ కలిసి ఖర్చు భరించి ప్రతి కౌంటీలోనూ విశ్వవిద్యాలయపు మనిషిని ఒకరిని ఉంచారు. ఆ మనిషి చేసేది పాఠం చెప్పడమే, కాని తరగతి గదిలో కాదు. పొలం గట్టు మీద, వంటింట్లో, పశువుల కొట్టంలో. రైతు సందేహం అతని ద్వారా ప్రయోగక్షేత్రానికి చేరుతుంది, సమాధానం అతని ద్వారానే తిరిగి వస్తుంది. బోధన, పరిశోధన, విస్తరణ, ఈ మూడు కాళ్ల మీద నిలిచిన పీట అది. మూడు కాళ్లూ అమరడానికి 52 ఏళ్లు పట్టింది. ఈ లెక్క గుర్తుంచుకోవలసిందిగా చదువరులకు మనవి.

ఇక మన సంగతి. మద్రాసు రాజధానిలో వ్యవసాయ పట్టా చదవాలంటే తెలుగు పిల్లవాడు కోయంబత్తూరు పోవలసిందే. 1945లో బాపట్లలో కళాశాల వచ్చింది. మరుసటేడు నిజాం రాజ్యంలో హైదరాబాదుకు ఒకటి వచ్చింది. చదువు సంగతి విశ్వవిద్యాలయానిది, పరిశోధన వ్యవసాయశాఖది, గ్రామాలకు పోయే పని ఆ శాఖలోనే మరొక విభాగానిది. అనకాపల్లి చెరకు క్షేత్రం 1913 నాటిది, గుంటూరు దగ్గర లాం ఫారం 1922 నాటిది, మార్టేరు వరి క్షేత్రం 1925 నాటిది. గొప్ప పని చేసిన సంస్థలే. కాని బాపట్ల విద్యార్థికి మార్టేరు ఒక విహారయాత్ర స్థలం మాత్రమే.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా సంఘం ఏర్పడింది. అంతకు ముందు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన ఆ తత్త్వవేత్త 1949లో ఇచ్చిన నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయాల మీద ఒక అధ్యాయమే ఉన్నది. సంఘ సభ్యులలో ఆర్థర్ మోర్గన్ అనే అమెరికన్ ఉన్నాడు. టెనెసీ లోయ ప్రాధికార సంస్థకు మొదటి అధ్యక్షుడు, అంతకు ముందు ఆంటియోక్ అనే కళాశాలలో విద్యార్థుల చేత కొంతకాలం చదువూ కొంతకాలం పనీ చేయించిన ప్రయోగశీలి. పల్లె నుంచి వచ్చినవాణ్ణి పల్లెకు దూరం చేయని చదువు కావాలన్నది ఆ అధ్యాయపు సారం. అదే 1949 జనవరిలో అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రారంభోపన్యాసంలోని నాలుగో అంశంగా, వెనుకబడిన దేశాలకు సాంకేతిక సాయం చేస్తామని ప్రకటించాడు. 1952లో మనకూ వారికీ ఒప్పందం కుదిరింది. 1955 ప్రాంతంలో ఉభయదేశాల నిపుణుల బృందం ఒకటి దేశం తిరిగి చూసి, రాష్ట్రానికొక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉండాలన్నది. ఆపైన ఇల్లినాయి, ఒహాయో, మిస్సౌరి, టెనెసీ, కాన్సాస్, ఈ ఐదు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు భారతదేశాన్ని ప్రాంతాలుగా పంచుకున్నాయి. ఉస్మానియా వ్యవసాయ, పశువైద్య కళాశాలలు కాన్సాస్ వాటాకు వచ్చాయి. అది 1956. అమెరికా గోధుమలు రూపాయలకు కొనే పీఎల్ 480 ఒప్పందం మనం మొదటిసారి చేసుకున్నదీ ఆ ఏడే. గింజలూ గురువులూ ఒకే ఏడాది బయలుదేరారన్నమాట.

ఇందులో నిస్వార్థమెంత, ప్రచ్ఛన్నయుద్ధపు లెక్కలెంత అని అడిగేవారుంటారు. రెండూ ఉన్నాయి. ఆకలిగొన్న దేశం కమ్యూనిజం వైపు మొగ్గుతుందన్న భయం వాషింగ్టన్‌లో ఉండేది. తెలంగాణా సాయుధ పోరాటం ముగిసి అప్పటికి ఐదేళ్లే. అయినా ఆ రాజకీయం వల్ల వచ్చిన ఆచార్యులందరూ రాజకీయులు కారు. భూసారం, పశువుల రోగాలు, గృహవిజ్ఞానం చెప్పేవారు వచ్చారు. ఇక్కడి అధ్యాపకులు కాన్సాస్ పోయి, ఎం.ఎస్.లూ పీహెచ్.డీ.లూ చేసి వచ్చారు.

1960లో నెహ్రూ పంతనగర్‌లో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. అది ఇల్లినాయి వారి చేయూతతో, హానా అనే ఆచార్యుడు గీసిచ్చిన నమూనా మీద కట్టినది. తక్కిన రాష్ట్రాలు ఎలాంటి చట్టాలు చేసుకోవాలో చెప్పడానికి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు చెందిన రాల్ఫ్ కమింగ్స్ నాయకత్వాన ఒక సంఘం 1962లో నివేదిక ఇచ్చింది. ఈ కమింగ్స్ పదేళ్ల తరువాత మన పటాన్‌చెరులో ఇక్రిశాట్‌కు తొలి డైరెక్టరయ్యాడు. 1963లో మన శాసనసభ చట్టం చేసింది. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అవతరించింది. మరుసటి మార్చిలో లాల్ బహదూర్ శాస్త్రి వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. తొలి ఉపకులపతి ఓ. పుల్లారెడ్డి గారు, ఐ.సి.ఎస్. అధికారి, అంతకు ముందు కేంద్రంలో రక్షణశాఖ కార్యదర్శి. బాపట్ల, రాజేంద్రనగరం, తిరుపతి వ్యవసాయ కళాశాలలూ, హైదరాబాదు, తిరుపతి పశువైద్య కళాశాలలూ ఒక గొడుగు కిందికి వచ్చాయి.

ఏం మారింది? నా బోటి పంతుళ్లకు అన్నిటికన్న ఆశ్చర్యం కలిగించేది పరీక్షల సంగతి. ఏడాదంతా చదివి చివర మూడు గంటలలో కక్కే పద్ధతి పోయి, ఏడాదిని ముక్కలు చేసి, కోర్సులకు క్రెడిట్లు కట్టి, పాఠం చెప్పినవాడే ప్రశ్నపత్రం తయారుచేసి వాడే దిద్దే పద్ధతి వచ్చింది. మన విశ్వవిద్యాలయాలు అప్పటికి నూరేళ్లుగా పాఠం చెప్పినవాణ్ణి నమ్మని వ్యవస్థలు. పేపరు పొరుగూరి వాడు దిద్దితేనే న్యాయమని మన విశ్వాసం. బోధకుణ్ణి నమ్మడమనే ఆ ఒక్క విషయంలో కాన్సాస్ వారు తెచ్చిన మార్పు ఎన్ని ప్రయోగశాలలకైనా సమానమంటాను. ఆ నమ్మకాన్ని దుర్వినియోగం చేసినవారు లేరా అంటే ఉన్నారు. తాళం వేస్తే దొంగలు లేరా?

రెండో కాలు కూడా గట్టిగానే అమరింది. వ్యవసాయశాఖ చేతిలోని పరిశోధన క్షేత్రాలు విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యాయి. మార్టేరు నుంచి స్వర్ణ వచ్చింది, 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వచ్చింది. అంకె చెబితే ఎవరికీ తెలియదు గాని సాంబమసూరి అంటే తెలియని తెలుగిల్లు లేదు. ఇక్కడ చిన్న పిడకలవేట. ఈ 'మసూరి'ని మైసూరుతో ముడిపెట్టేవారు చాలామంది. అది తప్పు. మలేషియాలో ఒక పురాగాథా నాయిక పేరు మహ్సూరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పూనికతో కటక్‌లో 1950లలో జపాను వరినీ మన వరినీ సంకరం చేసే ఆసియా దేశాల ఉమ్మడి పథకం నడిచింది. ఆ సంకరాల నుంచి మలేషియా వారు ఎంపిక చేసుకున్న వంగడానికి ఆవిడ పేరు పెట్టుకున్నారు. అది మన దేశం తిరిగి వచ్చి బాపట్లలో మరో సంకరంలో కలిసింది. మన కంచంలోని అన్నం మెతుకే ఒక అంతర్జాతీయ సహకార పథకం. సాంబమసూరి ఖ్యాతి కాన్సాస్‌కు కట్టబెట్టనక్కరలేదు, కాని చదువూ పరిశోధనా ఒకే కప్పు కిందికి రావడమన్నది ఆ ఏర్పాటు చలవే.

ఇక మూడో కాలు. అది రాలేదు.

విస్తరణ బాధ్యతను విశ్వవిద్యాలయానికి అప్పగించాలని అమెరికన్ నమూనా. ఆ పని ఏ రాష్ట్రమూ పూర్తిగా చేయలేదు, మనమూ చేయలేదు. పాఠం పేరుతో ఒక విస్తరణ విభాగం విశ్వవిద్యాలయంలో వెలసింది గాని పల్లెల్లోని యంత్రాంగం శాఖ చేతిలోనే ఉండిపోయింది. దీన్ని కేవలం అధికారుల పట్టుదలగా చూపడం న్యాయం కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలై, విశ్వవిద్యాలయాలకన్న పన్నెండేళ్లు ముందే పల్లెల్లో గ్రామసేవకులు ఉన్నారు. 1959లో పంచాయతీ సమితులు వచ్చి ఆ గ్రామసేవకుల మీద ప్రజాప్రతినిధుల అజమాయిషీ వచ్చింది. సమితి అధ్యక్షుడి చేతికింద ఉన్న మనిషిని రాజేంద్రనగరంలోని ఒక ఉపకులపతికి ఎవరు అప్పగిస్తారు? అదీగాక అమెరికా కౌంటీ ఉద్యోగి సలహా మాత్రమే ఇస్తాడు. మన గ్రామసేవకుడు విత్తనాలు పంచాలి, ఎరువుల లెక్క చూడాలి, అప్పు దరఖాస్తుల మీద సంతకాలు చేయించాలి, పైవారు విధించిన లక్ష్యాలు పూర్తిచేయాలి. సలహాకూ సరఫరాకూ తేడా ఉన్నది. సరఫరా చేసేవాడి చేతిలో అధికారముంటుంది, అధికారాన్ని ఎవరూ విశ్వవిద్యాలయానికి దానం చేయరు.

దీని ఫలితం పడింది పట్టభద్రుల మీద. పల్లెలో రైతు పక్కన నిలబడే ఉద్యోగానికి మెట్రిక్ చదివి కొంత శిక్షణ పొందినవాడు చాలన్నారు. నాలుగేళ్లు బి.ఎస్సీ. వ్యవసాయం చదివినవాడి ఉద్యోగం ఆ గ్రామసేవకుడి పైన, బ్లాకు కార్యాలయంలో. అంటే మాన్‌హాటన్‌లో పొలం గట్టు మీద నిలబడవలసిన మనిషి మన దగ్గర గట్టు మీదివాడి నివేదికలు సరిచూసే మనిషయ్యాడు. ఆ కార్యాలయాలు ఎన్ని ఉంటాయి? అవి నిండిన తరువాత ఏడాదికేడాది బయటికి వస్తున్న కుర్రవాళ్లు ఎక్కడికి పోవాలి?

1969 జూలైలో ఇందిరా గాంధీ 14 బ్యాంకులను జాతీయం చేయడం వీరి పాలిటి వరమైంది. పల్లెలకు అప్పులివ్వాలంటే పంట తెలిసినవాడు కావాలి గదా. బ్యాంకులు వ్యవసాయాధికారులను నియమించుకున్నాయి. ఆపైన ఎరువుల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు, హైదరాబాదు చుట్టూ పెరిగిన విత్తన కంపెనీలు. మరికొందరు సివిల్ సర్వీసుల పరీక్షలకు వ్యవసాయశాస్త్రాన్ని ఐచ్ఛికాంశంగా పెట్టుకుని కలెక్టర్లయ్యారు. ఇంకొందరు కాన్సాస్ దారే పట్టారు, ఈసారి తిరిగిరాలేదు.

నేను పనిచేసిన పల్లెటూరి ఉన్నత పాఠశాలకు ఏటా వేసవిలో కొందరు తల్లిదండ్రులు వచ్చేవారు. వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రవేశాలలో రైతు బిడ్డలకు కొన్ని సీట్లు కేటాయిస్తారు. అందుకు భూమి పత్రాలతో పాటు పిల్లవాడు గ్రామీణ పాఠశాలలో కొన్నేళ్లు చదివినట్టు ధ్రువపత్రం కావాలి. అలాంటి పత్రాలు నా చేతి రాతతో ఎన్నో వెళ్లాయి. వాటిలో ఒకటి పట్టుకెళ్లి బాపట్లలో చేరిన కుర్రవాడు తరువాత బ్యాంకు అధికారియై, ఒక సంక్రాంతికి నన్ను చూడవచ్చాడు. "ఏం నాయనా, చదివిన చదువు వాడుతున్నావా?" అని అడిగాను. "వాడుతున్నాను మాస్టారూ. పంట పోయిందని రైతు చెబితే నిజమో కాదో చూడగానే తెలుస్తుంది. ఎందుకు పోయిందో కూడా తెలుస్తుంది. కాని అది చెప్పడం నా డ్యూటీ కాదు, బాకీ ఎప్పుడు కడతాడో రాసుకోవడం నా డ్యూటీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వాడికి జీతముంది, ఇల్లుంది, పరువుంది. ఉపాధి లెక్కల్లో వాడు విజయమే, ఆ లెక్క తప్పని నేననను. వాడి తండ్రికి అదే కావాలి, నేను ధ్రువపత్రం రాసిందీ అందుకే. అయితే ఆ పత్రంలో 'గ్రామీణ' అన్న మాట ఎందుకు అడిగారో ఆ ఉద్దేశం ఎక్కడ నెరవేరింది?

తెలుగు పండితుణ్ణి కనుక భాష సంగతి చెప్పకుండా పోలేను. ఎక్స్‌టెన్షన్ అన్న మాటకు 'విస్తరణ' అని అనువాదం చేశారు. మూలంలో విశ్వవిద్యాలయం తన చేయి చాపడం ఉన్నది. మన 'విస్తరణ'లో చేయి లేదు, పరచుకోవడమే ఉన్నది. సరే, మాట ఏదైనా రైతుతో మాట్లాడడానికి రైతు మాట కావాలి. సరిగ్గా కాన్సాస్ ఆచార్యులు హైదరాబాదులో ఉన్న ఆ రోజుల్లోనే, భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లాజిల్లాకూ పరిశోధకులను పంపి రైతుల నోటి మాటలు పోగుచేయించారు. ఆయనా అమెరికాలో, పెన్సిల్వేనియాలో చదివి వచ్చినవారే. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. నాగలి భాగాలకు, నేల రకాలకు, పైరు ఎదుగుదలలోని దశలకు ఏ జిల్లాలో ఏ మాటో అందులో ఉన్నది. ఇటు అమెరికా చదువుతో వచ్చిన శాస్త్రం, అటు అమెరికా చదువుతో వచ్చిన భాషాశాస్త్రం. ఈ రెండూ ఒకే ఊళ్లో ఉండి ఒకదానికొకటి ఎదురుపడిన జాడ బి.ఎస్సీ. పాఠ్యక్రమంలో కనబడదు. చదువంతా ఇంగ్లీషులో సాగింది. పైరు 'పొట్టమీద ఉంది' అని రైతు అంటే అది 'బూటింగ్ స్టేజి' అని లోలోపల అనువదించుకోవలసిన పట్టభద్రుడు తయారయ్యాడు. ఆ పట్టభద్రుడి ఇంట్లో తాత ఆ మాటే అంటాడన్నది విచిత్రం.

విశ్వవిద్యాలయం తెలుగును బొత్తిగా వదిలేసిందనడం కూడా అన్యాయమే. ఏటా వెలువడే వ్యవసాయ పంచాంగం చక్కని పుస్తకం. కార్తెల వారీగా చేయవలసిన పనులు, వంగడాల పేర్లు, పురుగుల బొమ్మలు అన్నీ ఉంటాయి. పంచాంగమనే పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని రైతు ఇంటి చూరులో దాని చోటు ఎక్కడో ఎరిగినవాడు. తరువాత 1990 దశకంలో జిల్లాల్లో సలహా కేంద్రాలు పెట్టి వాటికి 'ఏరువాక కేంద్రాలు' అని పేరు పెట్టారు. జ్యేష్ఠ పున్నమినాడు అరకకు పూజచేసి తొలిచాలు తోలే పండుగ పేరు. ఇంగ్లీషులో దానికి ఉన్న పేరు ఆరేడు అక్షరాల పొడిపొడి కూర్పు. ఈ కేంద్రాలు విశ్వవిద్యాలయం తనంతట తాను అతికించుకున్న మూడో కాలు. జిల్లాకు ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలతో అది ఎంత బరువు మోయగలదు?

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటికి అమెరికాతో సంబంధాలు చెడి సాయం ఆగిపోయింది. ఆ ఒకటి రెండేళ్లలోనే కాన్సాస్ వారు మూటాముల్లే సర్దుకున్నారు. 1956 నుంచి లెక్కవేస్తే పదహారేళ్లు. వారి సొంత పీటకు మూడు కాళ్లూ అమరడానికి 52 ఏళ్లు పట్టిందని పైన అన్నాను గదా. 1970ల చివర ప్రపంచబ్యాంకు డబ్బుతో, డేనియల్ బెనర్ అనే ఇజ్రాయెలీ నిపుణుడి పద్ధతిలో, పదిహేను రోజులకొకసారి శిక్షణ, ఆ వెంటనే పొలాల సందర్శన అనే ఏర్పాటు దేశమంతా నడిచింది. డబ్బు అయిపోయాక అది కూడా సద్దుమణిగింది.

1996లో విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. బాపట్లకు కూతవేటు దూరంలోని నిడుబ్రోలులో రంగాగారు 1930లలో రైతు విద్యాలయం నడిపారు. అది పట్టాలిచ్చే బడి కాదు, రైతులను కూర్చోబెట్టి హక్కులూ లెక్కలూ చెప్పే బడి. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివినవాడని చాలామందికి గుర్తుండదు.

2006 మార్చి 3న అధ్యక్షుడు జార్జి బుష్ హైదరాబాదు వచ్చి ఆ విశ్వవిద్యాలయంలో రైతులను కలిశాడు. గేదెల దగ్గర నిలబడిన ఆయన ఫొటోలు ఆనాటి పత్రికల్లో చాలామంది చూసే ఉంటారు. అంతకు ముందు ఏడాది మన్మోహన్ సింగ్ వాషింగ్టన్ వెళ్లినప్పుడు రెండు దేశాలూ ప్రకటించిన వ్యవసాయ విజ్ఞాన ఒప్పందానికి అది కొనసాగింపు. బోధన, పరిశోధన, పాఠ్యక్రమాల నవీకరణ అని అందులోనూ ఉన్నది. తేడా ఎక్కడంటే, అమెరికా వైపు నుంచి దాని నిర్వాహక మండలిలో మోన్‌శాంటో, వాల్‌మార్ట్ ప్రతినిధులున్నారు. 1956లో వచ్చినది ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం. దాని ప్రయోజనం ఏమైనా గాని దాని దగ్గర అమ్మే సరుకు లేదు. వామపక్షాలు ఆనాడు చేసిన గోలలో అతిశయోక్తి ఉండవచ్చు, ఈ ఒక్క సంగతి మాత్రం అతిశయోక్తి కాదు.

ఆపైన విశ్వవిద్యాలయమే ముక్కలైంది. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానం వేరుపడ్డాయి. 2014లో రాష్ట్రంతో పాటు మిగిలినదీ రెండయింది. రాజేంద్రనగరం ఆచార్య జయశంకర్ పేరుతో తెలంగాణకు, రంగా పేరు గుంటూరు లాం ఫారానికి. ప్రపంచబ్యాంకు మళ్లీ వచ్చింది. 2017లో 8.25 కోట్ల డాలర్ల అప్పుతో, మన ప్రభుత్వం అంతే వేసుకుని, దేశమంతటి వ్యవసాయ ఉన్నతవిద్యకు ఒక పథకం నడిచింది. విద్యార్థులను, అధ్యాపకులను విదేశాలకు శిక్షణకు పంపారు, డిజిటల్ తరగతులు కట్టారు. అంతకు కొంచెం ముందు, 2015లో, చివరి ఏడాది విద్యార్థులు పల్లెల్లో, పరిశ్రమల్లో పనిచేయాలనే 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమం మొదలైంది. అందులో పల్లెలో రైతింట మకాం పెట్టి పంటకాలం గడపడం మంచి ఏర్పాటు. మోర్గన్ ఉండి ఉంటే సంతోషించేవాడు.

విచిత్రమేమిటంటే మూడో కాలు చివరకు ఏ విదేశీ పథకమూ లేకుండానే, రెండు రాష్ట్రాల రాజకీయాల నుంచి పుట్టింది. తెలంగాణలో 5,000 ఎకరాల క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి, కూర్చోవడానికి రైతువేదిక. ఆంధ్రలో 2019లో గ్రామ సచివాలయాలతో పాటు గ్రామ వ్యవసాయ సహాయకులు, 2020 మేలో రైతు భరోసా కేంద్రాలు. అవి 2024లో రైతు సేవా కేంద్రాలయ్యాయి. పట్టభద్రులు, డిప్లొమా చదివినవారు వేలసంఖ్యలో పల్లెలకు చేరారు, అందులో ఆడపిల్లలు ఎందరో. 1964లో ఊహించిన మనిషి ఎట్టకేలకు గట్టు మీదికి వచ్చాడు, వచ్చింది. వచ్చి ఏం చేస్తున్నారంటే, ఫోనులోనూ ట్యాబులోనూ ఏ సర్వే నంబరులో ఏ పంట ఉన్నదో ఫొటో తీసి నమోదు చేస్తున్నారు. 2024లో తెలంగాణలో విస్తరణాధికారులు ఈ డిజిటల్ సర్వే మాకు వద్దని నిరసన కూడా తెలిపారు. వారి పై అధికారి ఇప్పటికీ శాఖలోనే ఉన్నాడు, విశ్వవిద్యాలయంలో లేడు. రైతు సందేహం రాజేంద్రనగరానికో లాంకో పోయి సమాధానమై తిరిగి రావలసిన దారి వారి విధుల పట్టికలో ఒక చివరి వరుస.

ఈ మధ్య మా ఊరి సహాయకురాలికి ఆ మాండలిక పదకోశం చూపించాను. అమ్మాయి రాయలసీమ నుంచి వచ్చి కోస్తాలో పనిచేస్తున్నది. "ఇక్కడి వాళ్లు అనే సగం మాటలు నాకు కొత్త మాస్టారూ, ఇది ట్రైనింగులో ఇచ్చి ఉంటే బాగుండేది" అని, నాగలి భాగాల పేజీలు ఫోనుతో ఫొటో తీసుకుని వెళ్లింది. పదకోశం చాలాకాలంగా దుకాణాల్లో దొరకడం లేదు. 1960లలో రాజేంద్రనగరంలోనో బాపట్లలోనో చదివిన పెద్దలు మీ ఇళ్లలో ఉంటే, కాన్సాస్ ఆచార్యులు తరగతిలో పాఠం ఎలా చెప్పేవారో అడిగి వ్యాఖ్యగా రాయండి. వ్యవసాయ పంచాంగం తొలినాళ్ల ప్రతులు ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరు, యూనికోడులోకి ఎక్కించే పని నేను చేస్తాను.